అలమార తలుపు: సటీకా తాత్పర్యం

అవతారిక: తాపీ నది సముద్రంలో కలిసే హజీరాలో, ఉద్యోగరీత్యా కాపురమున్న ఒకానొక తెలుగువాడు శ్రావణంలో టేకు అలమార చేయించాడు. పుష్యంలో దాని తలుపు టప్పున చీలింది. వాల్మీకికి క్రౌంచపక్షి, ఈయనకు అలమార. ఆ తెలుగువాడే ఈ టీకాకారుడు గనుక కవిహృదయం అందదన్న బెంగ లేదు.

చట్రమందు పలక జారెడి తీరున
నిలుపవలయు గాడి నింత విడిచి
జిగురు పూయువాడు చీల్చును పలకను
వానకాల మొకటి వచ్చు గాన

ప్రతిపదార్థం: చట్రమందు = రెండు నిలువు, రెండు అడ్డ చెక్కలను కుసి బెజ్జంలో దించి బిగించిన చట్రంలో; పలక = నడుమ కూర్చునే టేకు ముక్కను; జారెడి తీరున = అటూ ఇటూ కదిలేలా; నిలుపవలయున్ = ఉంచాలి; గాడిన్ = చట్రం లోపలి అంచున తోడిన గాడిలో; ఇంత విడిచి = కాస్త చోటు వదిలి (కవి వేలు చూపించాడే గాని కొలత చెప్పలేదు); జిగురు పూయువాడు = అతిజాగ్రత్తపరుడు; పలకను చీల్చును = సులభం; వానకాలమొకటి వచ్చుగాన = అది రాక మానదు గనుక. ఇక్కడ వాన ఉపలక్షణం. దాని వెనకే వచ్చే పొడి చలిగాలిని కూడా కలుపుకోవాలి.

తాత్పర్యం: చట్రం పలకను పట్టుకోవాలి, కట్టెయ్యకూడదు.

విశేషం: చెక్క పొడవున దాదాపు మారదు. చారకు అడ్డంగా మాత్రం చెమ్మ తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. 400 మి.మీ. వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు సుమారు 3 మి.మీ. మారుతుంది. కాబట్టి 'ఇంత' అంటే, 10 మి.మీ. లోతు గాడిలో ఒక్కో పక్క 2, 3 మి.మీ. ఖాళీ. జిగురు మూలల్లో కుసికే. పలక గలగలలాడితే పైనా కిందా నడిమధ్యన ఒక్కో సన్న మేకు చాలు. అప్పుడది ఇరుపక్కలకూ సమంగా కదులుతుంది. పాలిష్ బిగించకముందే అంచులదాకా పెట్టాలి. లేకుంటే చలికాలంలో పలక ముడుచుకుని, పాలిష్ అంటని తెల్లగీత బయటపడుతుంది.

శంక: బిగువే కదా పనితనం?

సమాధానం: ఊళ్లోని కర్మాగారాల్లో ఆవిరి పైపులు చూడండి. తిన్నగా పోతూ పోతూ నడుమ ఒక మెలిక తిరుగుతాయి. 10 మీటర్ల ఉక్కు పైపు 50 డిగ్రీలు వేడెక్కితే 6 మి.మీ. సాగుతుంది, మెలిక ఆ సాగుడుకు చోటు. పగలంతా పైపుకు చోటు లెక్కగట్టినవాడే సాయంత్రం ఇంటికొచ్చి, "పలక కదులుతోంది భాయ్, గాడి నిండా జిగురు పొయ్యి" అన్నాడు. మిస్త్రీ వద్దన్నాడు. సాహెబు వినలేదు. వానల్లో ఉబ్బిన పలక పుష్యంలో ముడుచుకోబోయింది, జిగురు వదల్లేదు. నట్టనడుమ జానెడు చీలిక.

అపవాదం: ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పలకలు తేమకు అంతగా కదలవు. వాటికి జిగురు పెట్టుకోవచ్చు, ఈ పద్యం అక్కర్లేదు.

ఫలశ్రుతి: అలమార చేయించక ముందు ఈ పద్యం చదివినవారి తలుపు చీలదు. చేయించాక చదివినవారు మిస్త్రీకి రెండోసారి కూలి ఇచ్చుకుంటారు.