మినహాయింపుల బోర్డు

మా బావగారు ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. రిటైర్మెంటు ఉద్యోగానికే గానీ అలవాటుకి కాదు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ టోల్‌ప్లాజా దగ్గర కారాగితే, ఫాస్టాగ్‌లో డబ్బులు పడ్డాయా లేదా అని మనం చూస్తాం. ఆయన పక్కనున్న బోర్డు చదువుతారు. రుసుము కట్టక్కర్లేని వాళ్ల జాబితా అది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు... అలా దిగుతూ దిగుతూ ఎంపీలు, ఎమ్మెల్యేల దాకా వస్తుంది. "ఈ బోర్డు ఎంత పొడుగుంటే ఆ దేశం అంత వెనకబడినట్టు లెక్క" అనేది ఆయన సిద్ధాంతం.

2024 వేసవిలో అక్కయ్యా బావగారూ కూతురి దగ్గరికి లండన్ వచ్చారు. నేనూ ఆ పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి శనివారాలు అందరం ఒక చోట చేరేవాళ్లం. బావగారికి టవర్ బ్రిడ్జి మీద పెద్ద మోజు లేదు. రాణిగారి నగల మీద అసలే లేదు. ఆయన చూడాలనుకున్నది ఆల్డ్‌విచ్‌లో ఉన్న ఇండియా హౌస్. ఢిల్లీ సెక్రటేరియట్ కట్టిన హెర్బర్ట్ బేకర్ ప్లాను గీసిన భవనం, 1930లో తెరిచారు. మన హైకమిషన్ ఉండేది అందులోనే.

మేనకోడలు పికడిల్లీ లైన్లో వెళ్దామంది. అక్కయ్య మోకాళ్లు మెట్లకి ఒప్పుకోవని అల్లుడు కారు తీశాడు. ఎక్కడో పార్కింగులో పెట్టి, దింపి, ఫొటోలన్నీ తనే తీశాడు పాపం. జెండా కనపడేలా బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి చాలా బాగా వచ్చింది. అక్కడికక్కడే వాళ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు: "పరాయి గడ్డ మీద మన ఇల్లు."

కొన్నాళ్లకి పోస్టులో ఒక కవరొచ్చింది. ఉత్తరం ఎవరి పేరున వచ్చినా విప్పి చూడటం బావగారి హక్కు. చూశారు. మన కారు నంబరు ప్లేటు బొమ్మ, తేదీ, టైము, కెమెరా పట్టుకున్న చోటు, అన్నీ ఉన్నాయి. కంజెషన్ ఛార్జి కట్టలేదు గనక 180 పౌండ్ల జరిమానా. పద్నాలుగు రోజుల్లో కడితే సగం, 90.

ఆ కాగితం చూసి ఆయనకి కోపం రాలేదు, ముచ్చటేసింది. "ఇదీ వోచరంటే!" అన్నారు.

సంగతేమిటంటే, లండన్ నడిబొడ్డున దాదాపు 21 చదరపు కిలోమీటర్ల మేర కారు నడిపితే రోజుకింత అని కట్టాలి. గేటుండదు, కర్ర అడ్డం పెట్టి ఆపేవాడుండడు. సరిహద్దులో రోడ్డు మీద ఎర్ర వృత్తంలో తెల్లటి 'సి' అక్షరం, పైన కెమెరాలు. అంతే. మర్నాడు, ఎల్లుండి, ఆవలెల్లుండి అర్ధరాత్రి దాకా గడువిస్తారు, ఆన్‌లైన్లో కట్టుకోవాలి. ఒకప్పుడు శనాదివారాలు ఉచితం, ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా వాటికీ లెక్కే. అల్లుడు అక్కడే దెబ్బతిన్నాడు. శనివారం కదాని మర్చిపోయాడు.

మర్చిపోయానని ఊరుకుంటే సరిపోయేది. "ఇదో దిక్కుమాలిన పన్ను మామయ్యగారూ" అన్నాడు.

"పన్నా?" అని కళ్లజోడు సర్దుకున్నారు బావగారు. మేనకోడలు నాకేసి చూసింది. భోజనాలు ఆలస్యమవుతాయని ఇద్దరికీ అర్థమైంది.

అల్లుడిదీ తీసిపారేసే వాదన కాదు. "రోడ్ ట్యాక్సు వేరే కడుతున్నాం. పెట్రోల్లో వేరే కడుతున్నాం. మళ్లీ ఊళ్లోకి వచ్చినందుకు పదిహేను పౌండ్లా? డబ్బున్నవాడికి లెక్కే కాదు. వ్యానులో పనిముట్లేసుకుని కుళాయిలు బాగుచేయడానికి పోయేవాడు బస్సెక్కగలడా? 2003లో అయిదు పౌండ్లతో మొదలెట్టి ఎక్కడికి తెచ్చారో చూడండి. ఎడిన్‌బరాలో 2005లో, మాంచెస్టర్‌లో 2008లో జనాన్ని ఓటడిగారు. రెండుచోట్లా నూటికి డెబ్బై మందికి పైగా వద్దన్నారు. ఇక్కడ అసలు అడిగారా?"

"అడగడమేంటండీ, ఎన్నికల మేనిఫెస్టోలో పెట్టి గెలిచాకే కదా అప్పటి లండన్ మేయరు తెచ్చింది!" అన్నారు బావగారు. వచ్చిన దగ్గర్నుంచీ ఖాళీగా కూర్చోలేదన్నమాట, అంతా చదివేశారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ కోర్టుకెళ్లి ఓడిపోవడం, మొదటిరోజు ఊరు స్తంభించిపోతుందని పత్రికలు భయపెట్టడం, తీరా ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉండటం, అన్నీ వరసగా అప్పజెప్పారు. వచ్చిన డబ్బు రవాణాకే ఖర్చుపెట్టాలని చట్టంలో ఉందన్నారు. "బెంజి సర్కిల్లో పెట్రోలు తగలేస్తూ నిలబడతాం కదా, దానికి రసీదు ఎవరిస్తున్నారు? ఇక్కడ తీసుకునేది పన్ను కాదు అల్లుడుగారూ. రోడ్డు వాడుకున్నందుకు రుసుము. వాడుకున్నారు, కట్టండి."

ఖాళీ అయిన రోడ్లు కొన్నేళ్లకే మళ్లీ నిండిపోయాయన్న ముక్క మాత్రం ఆయన దాటేశారు. ఆడిట్‌వాళ్లు ఎదుటివాడి ఫైల్లోనే లోపాలు వెతుకుతారు.

"అన్నిటికన్నా నాకు నచ్చిందేంటో చెప్పనా?" అన్నారు చివరికి. "ఇక్కడ బోర్డు లేదు. ఫలానా వాళ్లకి మినహాయింపు అని రాసుకున్న బోర్డు నాకెక్కడా కనపడలేదు. కెమెరాకి మంత్రీ ఒకటే, మనమూ ఒకటే. దేశం పరువంటే ఇట్లాంటి చిన్న బిల్లుల్లో తెలుస్తుంది. వీళ్ల గడ్డ మీద ఉంటూ వీళ్ల బిల్లు ఎగ్గొడితే అనేది మిమ్మల్ని కాదు, ఇండియావాళ్లు ఇంతే అంటారు."

టాక్సీలకి, వికలాంగులకి మినహాయింపులూ, ఆ జోన్లో కాపురముండే వాళ్లకి రాయితీలూ ఉన్నాయని చెబుదామనుకుని ఊరుకున్నాను. ఆకలి నాది. అల్లుడు నోరెత్తకుండా ఫోన్లో 90 పౌండ్లు కట్టేశాడు. కట్టి, ఫోను మాత్రం కింద పెట్టలేదు.

"మామయ్యగారూ, ఇది పన్నేనని నాలాగే వాదించే వాళ్లు ఇంకొందరున్నారు" అన్నాడు.

"ఎవరు?"

"విదేశీ రాయబార కార్యాలయాలు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్యవేత్తలకి పన్నులు పడవు కాబట్టి ఇది మాకు వర్తించదంటారు. ఇది పన్ను కాదు, సేవకి రుసుమని లండన్ వాళ్లంటారు. మొదట్నుంచీ 2023 ఆఖరు దాకా జరిమానాలతో కలిపి తేలిన బాకీ 14 కోట్ల 30 లక్షల పౌండ్ల పైచిలుకు. ఈ మే నెలలోనే లిస్టు బయటపెట్టారు."

"వసూలు చేయరా?"

"దౌత్య రక్షణ ఉంటుంది కదా, కోర్టుకి లాగలేరు."

బావగారు నిటారుగా కూర్చున్నారు. "సిగ్గుండక్కర్లా! దేశం తరఫున వచ్చినవాళ్లు చేసే పనేనా? ఎవరయ్యా పెద్ద ఎగవేతదారు?"

"అమెరికా. కోటీ 46 లక్షలు."

"అనుకున్నా!" అన్నారు, తొడ చరిచినంత పని చేసి. 2006లో మేయర్ కెన్ లివింగ్‌స్టన్ అమెరికా రాయబారిని ఈ బాకీ గురించే చిల్లర మోసగాడని బాహాటంగా తిట్టిపోశాడని నేనందించాను. "తిట్టడూ మరి! మగాడు. తర్వాత?"

"జపాన్. కోటి దాటింది."

"జపానా? క్రమశిక్షణ, క్రమశిక్షణ అని ఊదరగొడతారే వాళ్ల గురించి!" బావగారికి ఉత్సాహం ఆగడం లేదు. "ఆ తర్వాత ఎవరు? చదవండి, చదవండి."

అల్లుడు చదవలేదు. ఫోను ఆయన చేతికిచ్చాడు. బావగారు కళ్లజోడు తుడుచుకుని, వెనకటి అలవాటు కొద్దీ వేలు పెట్టి వరస చూసుకుంటూ దిగారు. వేలు మూడో పేరు దగ్గర ఆగింది.

భారత హైకమిషన్. బాకీ 85 లక్షల పౌండ్ల పైన, అప్పటి రేటున మన రూపాయల్లో దాదాపు 90 కోట్లు. చిరునామా: ఇండియా హౌస్, ఆల్డ్‌విచ్.