నేను వేలాడే పడవను

నేను హోబీ 16ను. పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు 145 కిలోలు. అరటికాయలా వంపు తిరిగిన రెండు దోనెలు, వాటిని కలిపే అల్యూమినియం చట్రం, నడుమ లాగి బిగించిన బట్ట. ఇదీ నా ఒళ్ళు. కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసిన హోబీ ఆల్టర్ మా వంశానికి మూలపురుషుడు. ఇసుక మీంచి నేరుగా అలల్లోకి తోసుకుపోయే పడవలను 1960ల చివర్లో మొదలుపెట్టాడాయన. అందుకే నా అడుగున పొడుచుకొచ్చే పలకలు లేవు, పక్కకు జారిపోకుండా, లోపలి పక్క ఒకలా బయటి పక్క మరోలా ఉండే దోనెల ఆకారమే నన్ను పట్టి ఉంచుతుంది. ఆయన 2014లో కన్నుమూశాడు. మావాళ్ళు లక్షకు పైనే పుట్టారు.

నా కాపురం అమెరికాలో, మిషిగన్ సరస్సు ఒడ్డున గ్రాండ్ హేవెన్‌లో. వేసవంతా నీళ్ళ మీదే గడుస్తుంది. మంచు పడే కాలం మాత్రం ఇంట్లో ఉండాలి. నాకు గడ్డుకాలమంటే అదే.

నీళ్ళు నా బరువును అడుగు పొడవునా పంచుకుంటాయి. నేల అలా పంచుకోదు, తగిలిన చోటే ఒత్తుతుంది. నా దోనె గోడంటే రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో ఫోమ్. ఒకప్పుడు నన్ను పెరట్లో చెక్కదిమ్మల మీద ఉంచారు. చలికాలంలో ఒక దిమ్మ పక్కకు జరిగింది. మంచు కరిగాక చూస్తే ఎడమ దోనె అడుగున అరచేయంత మేర బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. పైపొర ఫోమ్‌ను వదిలేసింది. నాణెంతో తట్టుకుంటూ వస్తే గట్టిచోట టక్కుమని పలికేది, అక్కడికి రాగానే గొంతు పూడుకుపోయేది. సన్నని రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కించి బాగుచేశారు. బాగయ్యాను గానీ ఆ చోటు ఇప్పటికీ తక్కినదాని కంటే బరువే.

ఆ తర్వాతే నన్ను గ్యారేజీ కప్పుకు వేలాడదీయాలన్న ఆలోచన వచ్చింది. నేను పైన, కారు కింద. ఇద్దరికీ మంచు బాధ ఉండదు. అయితే కప్పు దూలాలు సాధారణంగా కప్పు బరువుకే లెక్కగట్టి వేసినవి. ఒక్క దూలానికి కొక్కెం దిగేసి నన్ను తగిలిస్తే అది ఇంటికీ నాకూ చేటు. నా యజమాని తొందరపడలేదు. తెలిసిన ఇంజనీరుకు చూపించి, అటకలో దూలాలకు అడ్డంగా లావు వాసాలు వేయించి, నా బరువు పది చోట్లకు చెదిరేలా బోల్టులు బిగించాడు. ఎత్తే బెల్టులు దోనెల కింద వేయలేదు, చట్రం నాలుగు మూలలకు చుట్టాడు. నీళ్ళ మీద గాలి దెబ్బంతా కాచుకునేది ఆ చట్రమే కనుక నా బరువు దానికొక లెక్క కాదు. దోనెల అడుగున ఇప్పుడు గాలి తప్ప మరేమీ తగలదు. ఇంతకంటే సుఖం నేలమీద నాకు దొరకదు.

పైకెత్తే ముందు జరగాల్సినవి జరుగుతాయి. ఇసుక పోయేలా కడుగుతారు. వెనకకొసన ఉన్న బిరడాలు విప్పి, ముక్కు ఎత్తి పట్టి, లోపలి నీటిని చివరి బొట్టుదాకా కారుస్తారు. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, దోనె చీలడానికి అది చాలు. బిరడాలు మళ్ళీ పెట్టరు, లోపల గాలి ఆడాలి. తెరచాపలో గుచ్చిన బద్దల బిగువు వదులు చేసి, బాగా ఆరబెట్టి, చుట్టి, ఎలుకలకు అందని చోట పెడతారు. తెరచాప స్తంభం ఎనిమిది మీటర్లు, గ్యారేజీలో పట్టదు. ఇంటి పక్కగోడకు, చూరు కింద, కొక్కేల మీద పడుకుంటుంది. చలికాలమంతా మేమిద్దరం గోడకు చెరోవైపు.

కప్పీలు కిర్రుమంటాయి, నాలుగు మూలలూ సమంగా లేచేదాకా ఆగి ఆగి తిప్పుతారు. పైకి చేరాక బెల్టుల మీదే భారం వేయరు, వాటి పక్కనే గొలుసులు తగిలిస్తారు. ఏటా ఎత్తే ముందు యజమాని ప్రతి బెల్టునూ ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ళ మధ్య లాగి చూస్తాడు. అంచున కాస్త పీచు లేచినా పారేసి కొత్తది కొంటాడు. కింద కారు ఉంటుంది, పొద్దున్నే బడికెళ్ళడానికి అందులో ఎక్కే పిల్లలుంటారు.