ఇంట్లో వయొలిన్ ఉంది, జాగ్రత్త

పిల్లలకి వాద్యం నేర్పిద్దామనుకునేవాళ్లు అది ఎంత తియ్యగా పలుకుతుందని కచేరీల్లో విని మోసపోతారు. తప్పు స్వరాన్ని అది ఎంతసేపు పలుకుతుందో ముందు విచారించుకోవాలి. వీణకి 24 మెట్లున్నాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు సర్దిపెడుతుంది, మీటిన శబ్దం దానంతటదే చల్లారిపోతుంది. కీబోర్డు మీద పిల్లాడు నొక్కినా, పిల్లి నడిచినా వచ్చేది శుద్ధమైన స్వరమే. వేణువైతే మరీ సుఖం, మొదట్లో గాలి తప్ప ఇంకేమీ రాదు. వయొలిన్‌కి మెట్లు లేవు. వేలు ఎక్కడ పడితే అక్కడిదే స్వరం. పైగా కమాను ఒకటి. కమాను ఎంత పొడుగుంటే తప్పూ అంత పొడుగు.

మేం వయొలిన్ తీసుకున్నాం.

మేం అనడం మర్యాద కోసం. తీసుకున్నది మా మావగారు. ఆయనది విజయనగరం. ఆ ఊళ్లో పుట్టినవాడికి వయొలిన్ గురించి మాట్లాడే హక్కు రేషన్ కార్డుతోపాటే వస్తుందని ఆయన నమ్మకం. అక్కడ మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందులో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని, నేర్చుకోవడం కాదు, నేర్పమని ఉద్యోగం ఇచ్చారట. ఈ కథ చెప్పినప్పుడల్లా మావగారు చివర్లో మా అమ్మాయి వైపు ఆశగా చూస్తారు. విశాఖపట్నంలో మా అమ్మాయిని చేర్పించడానికి తీసుకెళ్లినప్పుడు మాస్టారు దాని చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు గోళ్లు తీయించుకు రండి" అన్నారు.

మా అత్తగారు వయొలిన్‌కి ఒప్పుకోలేదు. ఇంగ్లీషువాళ్ల వాద్యం, గుర్రం తోక వెంట్రుకలు, దేవుడి గది పక్కన పెట్టొద్దన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. కమానుకి కట్టేవి గుర్రం తోక వెంట్రుకలే. ఈ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితులు (1786–1858) దాన్ని మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గరే నేర్చుకున్నారు. ఆయన ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు. ఆయన నేర్చుకునే రోజుల్లో ఆ ఇంట్లోవాళ్లూ, ఇరుగుపొరుగువాళ్లూ ఏమనుకున్నారో ఒక్క చరిత్రకారుడూ రాయలేదు. ఇది పెద్ద లోటు. అన్నగారు ఆ మధ్య కాశీ వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉండిపోయారని చదివినప్పుడు, తేదీల జోలికి పోకుండానే నాకు కారణం తట్టింది.

వయొలిన్‌కి సైజులుంటాయి. పావు, అర, ముప్పావు, పూర్తి. "పిల్ల ఎదిగిపోతుంది కదా, పెద్దదే ఇచ్చెయ్యండి" అన్నారు మావగారు దుకాణంలో. "ఇది యూనిఫాం కాదండీ, మడిచి కుట్టడానికి" అన్నాడు దుకాణం అతను. ఆ విధంగా అరసైజు ఇంటికొచ్చింది. వెనకాలే రోజిన్ బిళ్ల, విడిగా తీగల సెట్టు, బిరడాలకి రాయడానికి సుద్దముక్క వచ్చాయి. సుద్దముక్క ఎందుకని అడిగాను. సముద్రపుగాలికి బిరడాలు ఒకరోజు ఉబ్బి కదలవు, ఏసీ గదిలో పెడితే ఎండి జారిపోతాయి, జారినప్పుడు సుద్ద రాయాలి అన్నాడు. ఇంట్లో ఒక మనిషికి తీగలు శ్రుతి చెయ్యడం రావాలని కూడా అన్నాడు. ఆ మనిషిని ఎవరూ ఎన్నుకోలేదు. సన్నతీగని "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బిగించుకుంటూ పోతే ఏమవుతుందో తెలిసిన ఆ మనిషి ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని మరీ శ్రుతి చేస్తున్నాడు.

శ్రుతిపెట్టె ఇప్పుడు ఫోన్లోనే ఉంటుంది. ఆ ఫోను నాది. సాధన జరిగినంతసేపూ అది అమ్మాయి పక్కన తంబూరా మోగిస్తూ పడుంటుంది. ఒకసాయంత్రం ఆఫీసు నుంచి మా మేనేజరు ఫోన్ చేస్తే, అమ్మాయి తీసి స్పీకర్లో పెట్టి, వాయించడం మాత్రం ఆపలేదు. మర్నాడు ఆయన నన్ను పిలిచి చాలా మెల్లగా, "ఇంట్లో అందరూ కులాసాయేనా?" అని అడిగారు. ఆ వారంలో నాకు రావలసిన సెలవు అడక్కుండానే వచ్చింది. వయొలిన్ వల్ల నాకు కలిగిన మొదటి లాభం అదే.

పాఠం సరళీ వరుసలతో మొదలవుతుంది. రాగం మాయామాళవగౌళ, 15వ మేళకర్త. పిల్లలకి ఇందులోనే మొదలుపెట్టాలని పురందరదాసు ఏర్పరిచారని చెబుతారు. ఆ ఏర్పాటులో కిటుకు మాస్టారు చెప్పాక తెలిసింది. కింది నాలుగు స్వరాల మధ్య ఎడం ఎంతో, పై నాలుగింటి మధ్యా అంతే. కాబట్టి వయొలిన్‌లో షడ్జం తీగ మీద వేళ్లెక్కడ పడతాయో పంచమం తీగ మీదా అక్కడే పడతాయి. ఒకటి నేర్చుకుంటే రెండోది ఉచితం. తప్పు నేర్చుకున్నా ఇదే నియమం వర్తిస్తుంది.

ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. వారం తిరిగేసరికి ఇల్లంతా వాటిమీదే నడవడం మొదలైంది. జంట వరుసలు ఎత్తుకునేసరికి పప్పు కుక్కరు దింపాలి. అలంకారాల్లో ధ్రువతాళం దాటితే పాలవాడు. మా ఆవిడ ఒకరోజు, "ఏవండీ, ఇవాళ హెచ్చుస్థాయి ముందే వచ్చేసింది, అన్నం ఉడకలేదు" అంది. అప్పుడు గడియారం చూస్తే అమ్మాయి రెండు వరుసలు ఎగ్గొట్టిందని తెలిసింది.

మాస్టారు చేర్చుకున్న రోజునే నాతో ఒక మాట అన్నారు. "రోజూ అరగంట చాలు. ఆరు రోజులు ఊరుకుని ఆదివారం మూడు గంటలు వాయిస్తానంటే ఒప్పుకోకండి. మీరు పక్కన కూర్చోండి. ఏమీ చెప్పకండి."

కూర్చోవడం సులువే. ఏమీ చెప్పకుండా ఉండడమూ, కాస్త కష్టమైనా, పళ్లు బిగపట్టి చెయ్యొచ్చు. వచ్చిన చిక్కల్లా మొహంతో. రిషభం జారినప్పుడు మనిషి మొహంలో ఒక రేఖ కదులుతుంది, అది మన చేతిలో లేదు. పిల్లలు స్వరస్థానం చూస్తారో లేదోగాని ఆ రేఖ మాత్రం చూస్తారు. కమాను ఆగిపోతుంది. "నాన్నా, నువ్వు మొహం అలా పెడితే నేను వాయించను." పేపరు అడ్డం పెట్టుకుంటే, వినడం లేదంటుంది. కళ్లు మూసుకుంటే, పడుకున్నావంటుంది. చివరికి దీనికి మందు మా అత్తగారి దగ్గర దొరికింది. ఒక చేట, దాన్నిండా చిక్కుడుకాయలు తెచ్చి నా ముందు పెట్టారు. ఈనెలు తీస్తున్న మనిషి తలొంచుకునే ఉంటాడు, చెవులు ఖాళీగా ఉంటాయి, మొహం చిట్లించినా పుచ్చుకాయ కోసమే అనుకుంటారు. అప్పట్నుంచి మా ఇంట్లో చిక్కుడు, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర తప్ప ఇంకో కూర లేదు. బెండకాయ రెండు నిమిషాల్లో తరగడం అయిపోతుంది, దాంతో ఏ వరుసా పూర్తికాదు. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో పీచు తినడం ఎక్కువని ఎవరైనా డాక్టరు రాస్తే నేను సాక్ష్యం చెబుతాను.

మెచ్చుకోవడం ఇంకా పెద్ద విద్య. ఊరికే "బాగుంది" అంటే పిల్లలు నమ్మరు. "అద్భుతం" అంటే అసలే నమ్మరు. ఏదైనా ఒక విషయం పట్టుకుని చెప్పాలి. "ఇవాళ కమాను చివరిదాకా లాగావు" అంటే మొహం వెలుగుతుంది. మా మావగారికి ఈ ఓపిక లేదు. ఆయన విజయనగరం హోదాలో తీర్పు ఇస్తారు. ఏది వాయించినా ఒక స్వరం పేరు చెప్పి "కాస్త తగ్గింది" అంటారు. నేర్చుకునే పిల్ల వయొలిన్‌లో ఏదో ఒకటి తగ్గకుండా ఉండదు కాబట్టి ఆయన మాట తప్పిపోయే ప్రసక్తి లేదు. అమ్మాయి గీతాల్లోకి వచ్చాక ఒకరోజు మలహరి వాయించింది. ఆయన పడక్కుర్చీలోంచే, "అంతా బాగుందమ్మా, నిషాదం కాస్త తగ్గింది" అన్నారు.

"తాతయ్యా, మలహరిలో నిషాదమే లేదు."

"అదేగా నేను చెప్పేది" అన్నారాయన, కుర్చీలోంచి కదలకుండా.

నా మీద ఇంకో బాధ్యత పడింది. తాళం. సరళీ వరుసలన్నీ ఆదితాళం, ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. నా చెయ్యి దీనికి ఎంత అలవాటుపడిందంటే, ఆఫీసు మీటింగులో ఎవరైనా సాగదీస్తే బల్లకింద ఆవర్తాలు లెక్కపెట్టేవాణ్ని. మలహరి గీతం రూపకతాళంలో వచ్చింది. ఆరు అక్షరాలు. ఎనిమిది మరిగిన చెయ్యి ఆరు దగ్గర ఆగనంది. నన్ను ఆ పదవి నుంచి తీసేసి మా ఆవిడకి ఇచ్చారు. నేను పూర్తికాలం చిక్కుడుకాయలకి తిరిగొచ్చాను.

ఆదివారాలు మాస్టారి ఇంటి బయట స్కూటర్ల మీద కూర్చునే తల్లిదండ్రులది వేరే లోకం. "మీ అమ్మాయి ఎక్కడిదాకా వచ్చింది?" అని, రైలు ఎక్కడిదాకా వచ్చిందని అడిగినట్టు అడుగుతారు. అలంకారాలు అంటే జాలిపడతారు, గీతాలు అంటే తలూపుతారు, స్వరజతి అంటే కాస్త జరిగి చోటిస్తారు. వర్ణం అన్నవాళ్లతో ఎవరూ మాట్లాడరు. ఈ వాకబు చేసేవాళ్లలో ఒక్కరూ లోపల ఏం వాయిస్తున్నారో విన్నట్టు కనిపించరు. నాకు తెలిసినంతలో పిల్లల చేత వాద్యం మాన్పించేది ఇదే. సరళీ వరుసలు ఎవర్నీ ఏమీ చెయ్యలేదు.

ఇంతకీ అసలు పోషకుల గురించి చెప్పనేలేదు. మాకు కింది ఫ్లాటులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారున్నారు. పరమ మర్యాదస్తులు. లిఫ్టులో కనిపిస్తే, "అమ్మాయి చాలా శ్రద్ధగా వాయిస్తోందండీ. పరీక్షలెప్పుడు?" అంటారు. పరీక్షలు వస్తే వాయింపు ఆగుతుందేమోనని. దసరాల్లో మేం వయొలిన్‌ని సరస్వతీపూజలో పెట్టాం. ఆ రోజు వాద్యం ముట్టుకోకూడదు. సాయంత్రం ఆయనే స్వయంగా పైకి వచ్చి ప్రసాదం పుచ్చుకుని, "అమ్మవారి దగ్గర ఒక్క రోజేనా? మా చిన్నప్పుడు తొమ్మిది రోజులూ ఉంచేవాళ్లం" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. భక్తి అనుకున్నాం.

సంక్రాంతి వెళ్లాక ఆయన మనవణ్ని మృదంగంలో చేర్పించారు.

దీన్ని కొందరు ప్రతీకారం అంటారు. నేను అనను. మృదంగం దెబ్బ పైకి ఎక్కువ వినపడుతుందా, వయొలిన్ కిందికి ఎక్కువ వినపడుతుందా అన్నది ఇంజినీర్లు తేల్చాల్సిన విషయం. కాకపోతే మృదంగానికి వంటింటితో సంబంధం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఎడమవైపు మూత మధ్య తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుకి నాదం గంభీరంగా దిగుతుంది. వాయించాక గీకి తీసేయాలి, మర్నాడు మళ్లీ కొత్త ముద్ద. రోజూ పొద్దున్న మా కాలింగ్ బెల్లు మోగేది. "ఆంటీ, గుప్పెడు రవ్వ ఇస్తారా?" మా ఆవిడ ఇచ్చేది. ఉప్మా చేద్దామంటే డబ్బా ఖాళీ. రవ్వ అలా కిందికి దిగి, "త ధి తొం నం" అయి పైకి వచ్చేది. ఒకరోజు మా అత్తగారు ఇక ఉండబట్టలేక కిందికి వెళ్లి, రవ్వ ముద్ద ఎలా కలపాలో, ఎంత నీళ్లు పొయ్యాలో వాడికి చూపించి వచ్చారు. లడ్డూలకి కలిపినంత శ్రద్ధగా కలిపారట. అప్పట్నుంచి గుర్రం వెంట్రుకల గురించి ఆవిడ మాట్లాడ్డం లేదు. మృదంగానికి రెండువైపులా ఉన్నది తోలేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

రవ్వ బాకీ నెపంతో హెడ్మాస్టరుగారు సాయంత్రాలు పైకి రావడం మొదలుపెట్టారు. నాకో చేట, ఆయనకో చేట. ఇద్దరం తలలు వంచుకుని కూర్చునేవాళ్లం. ఆయన గోరుచిక్కుడు నాకంటే శుభ్రంగా తీస్తారు.

వినాయకచవితికి సెల్లార్లో పందిరి వేశారు. అపార్టుమెంటు పిల్లల కార్యక్రమాల్లో మావాళ్లిద్దరికీ చోటు దొరికింది. సినిమా డాన్సులకి ముందు, జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటున్న వేళ. అమ్మాయి కింద బాసింపట్టు వేసి, వయొలిన్ తలని కుడిపాదం మీద ఆనించి మలహరి ఎత్తుకుంది. వాడు పక్కన మృదంగం. సగం దాకా బాగానే నడిచింది. అక్కడ అమ్మాయి చరణం మర్చిపోయింది. కమాను గాల్లో ఆగింది. మావగారు లేచి నిలబడ్డారుగాని ఆయనకి గీతం రాదు. నేను చెబుదామనుకునేలోపు మూడో వరసలోంచి హెడ్మాస్టరుగారు గొంతెత్తి స్వరం అందించారు. ఆయన తప్పిన చోట రెండో అంతస్తు బ్యాంకావిడ అందుకుంది. నాలుగో అంతస్తువాళ్ల కుర్రాడు, ఎప్పుడూ చెవుల్లో ఏదో పెట్టుకు తిరిగేవాడు, తొడమీద రూపకం వేస్తున్నాడు. నాకంటే నిక్కచ్చిగా ఉంది. అమ్మాయి ఒక్కసారి చుట్టూ చూసి అందుకుంది, ఆ తర్వాత గీతం సెల్లారంతా కలిసి ముగించింది.

హెడ్మాస్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, ఇక దీని పని అయిపోయినట్టే కదా అన్నట్టు నావైపు చూశారు. అంతలో ప్రసాదం పంచుతున్న వాచ్‌మన్ మా దగ్గరకొచ్చి ఆగాడు. శ్రీకాకుళం మనిషి. రాత్రీ పగలూ గేటు దగ్గరే ఉంటాడు కాబట్టి మా సాధన ఒక్కరోజు కూడా తప్పనివాడు.

"ఈ పాట మాకొచ్చీసింది బాబూ" అన్నాడు. "పాప ఇంకోటెప్పుడు ఎత్తుకుంటాది?"