ఏడు గిన్నెలు, ఏడు చెంచాలు

తెనాలిలో ఒక స్టీలుసామాన్ల కొట్లో ఈ పోపులపెట్టె మూత మీద పేరు కొట్టించారు. పెళ్లికూతురి పేరు, పెళ్లి తారీఖు, కింద ‘అమ్మ’ అన్న రెండక్షరాలు. అప్పటినుంచి పదమూడేళ్లుగా హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు వంటింట్లో, పొయ్యికి కుడిపక్క గట్టు మీదే దాని కాపురం. ఇది ఆ పెట్టె కథ. తన కథే అయినా ఎదురింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పుకోవడమే దానికి తేలిక.

గుండ్రటి డబ్బా, లోపల ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, పచ్చిశనగపప్పు, మెంతులు, నువ్వులు చుట్టూ ఉంటే, నడిమి గిన్నెలో ఇంగువ. అన్నిటికీ కలిపి చెంచా మాత్రం ఒక్కటే. ఆ చెంచాతోనే పల్లీపొడీ తీసేవాళ్లు, చట్నీలోకి జీడిపప్పు పొడీ తీసేవాళ్లు. తీసి, చీరకొంగుకు తుడిచి, మళ్లీ ఆవాలలో గుచ్చేవాళ్లు. తెలుగు వంటిళ్లలో చాలాచోట్ల జరిగేదే. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, పెట్టెకు అసలే తోచలేదు.

ఆ ఇంటి పాప చిన్నప్పటినుంచీ పల్లీచట్నీ వేస్తే “గొంతులో గుచ్చుతోందమ్మా” అనేది. తిండి దగ్గర పేచీ అనుకున్నారు. చపాతీ తిన్న రాత్రి ఒంటిమీద దద్దుర్లు లేస్తే వేడి చేసిందన్నారు. గొంతులో గుచ్చడమంటే ఏమిటో ఆరేళ్ల పిల్ల అంతకన్నా స్పష్టంగా ఎలా చెబుతుంది?

ఒక సంక్రాంతికి అమ్మమ్మ అరిసెలు తెచ్చింది, రెండువైపులా నువ్వులద్దినవి. పాప సగం తిన్నదో లేదో, పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి. దగ్గు, వాంతి, ఆ తర్వాత గొంతు మారి పిల్లికూతలు. పోపుకు నూనె కాగుతున్న మూకుడు కింద మంట ఆర్పేసి, పెట్టె మూత తెరిచింది తెరిచినట్టే వదిలేసి, పిల్లను ఎత్తుకుని అందరూ ఆసుపత్రికి పరిగెత్తారు. చీకటి పడేదాకా ఇంట్లో అలికిడి లేదు. తొడలో ఇచ్చిన ఒక్క ఇంజెక్షన్‌తో ఊపిరి తిరిగిందని, రాత్రంతా అక్కడే ఉంచారని, తెల్లారాక అమ్మ ఫోన్లో ఎవరికో చెబుతుంటే పెట్టె విన్నది.

తర్వాత అలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష. ముంజేతి మీద ఒక్కొక్క పదార్థం చుక్క వేసి, సన్నటి మొనతో చర్మాన్ని తాకించి, పదిహేను నిమిషాలు ఆగుతారు. ఉప్పునీటి చుక్క దగ్గర వచ్చినదానికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువగా పొంగితే పాజిటివ్ అంటారు. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, గోధుమ పొంగాయి. ఆవాలు కూడా కాస్త పొంగాయి.

ఇంటికొచ్చి అమ్మ మొదట చేసిన పని ఆవాల గిన్నె బోర్లించడం. పెట్టెకు ఆ రోజు బాగా గుర్తు. ఆవాలు లేని పోపులపెట్టెను ఇంకేమని పిలవాలి? రెండు రోజులు ఆ గిన్నె ఖాళీగానే ఉంది. మూడోరోజు డాక్టరు ఫోన్లో చెప్పారు: చర్మం పొంగినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. ఆ పిల్ల ఊహ తెలిసినప్పటినుంచి రోజూ ఆవాల పోపు తింటున్నా ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఆవాలు మానొద్దు. ఒంటికి పడేవాటిని కూడా అనవసరంగా మాన్పిస్తే ఎదిగే పిల్లకు తిండే తగ్గిపోతుంది. చాలా ఇళ్లలో పరీక్ష కాగితం చూసి సగం వంటింటిని బయట పారేస్తారు. ఏది పడదో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఏది పడుతుందో తేల్చుకోవడమూ అంతే ముఖ్యమని పెట్టె గట్టిగా నమ్ముతుంది. దాని ఆవాలు దానికి తిరిగొచ్చింది అలాగే.

నాన్న రాత్రిళ్లు చదివినవి అమ్మకు చెప్పేవాడు. ‘అలర్జీ’ అన్న మాటను వియన్నాలో పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో పుట్టించాడట. దానికి వెనకున్న ఐజీఈ అనే యాంటీబాడీ ఆచూకీని 1966లో జపాన్ దంపతులు ఇషిజాకాలు బయటపెట్టారట. వేరుశనగలోని ప్రొటీన్‌ను ఒళ్లు శత్రువుగా పొరబడితే ఈ ఐజీఈ తయారై మాస్ట్ కణాలకు అంటుకుని కూర్చుంటుంది. మళ్లీ ఆ ప్రొటీన్ తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను, ఇతర రసాయనాలను కుమ్మరిస్తాయి. దద్దుర్లూ వాపూ వాంతీ ఆయాసమూ అన్నీ ఆ కుమ్మరింపువే.

పెట్టెను కడిగిన రోజు సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. గిన్నెలన్నీ తీసి, సబ్బు వేసి, వేడినీళ్లతో అమ్మ రెండుసార్లు తోమింది. ఎండలో ఆరబెట్టింది. అయినా తృప్తి లేక వెలుతురుకు పట్టి చూసింది. గిన్నె కూర్చునే కమ్మీ అడుగుకు అతికిన చోట, వెంట్రుకవాసి సందులో, ఒక్క నువ్వుగింజ. పిన్నీసుతో పొడిస్తే రెండు ముక్కలై ఒకటే వచ్చింది. రెండోదాని కోసం గట్టు మీద మోచేతులానించి, కళ్లజోడు పెట్టుకుని, పావుగంట కూర్చుంది. అది వచ్చాక వేలిమీద పెట్టుకుని చూసి ఏడ్చింది. పదమూడేళ్లలో ఆ పెట్టె మీద చాలా చెమట రాలింది, కన్నీళ్లు మాత్రం అదే మొదటిసారి.

ఇక ఇంగువ. డబ్బా మీది సన్నటి అక్షరాలు చదివితే తెలిసింది, అందులో ఇంగువకన్నా జిగురు, గోధుమపిండి ఎక్కువని. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి పిండితో కలిపి అమ్ముతారు. పప్పుచారులో చిటికెడే కదా వేసేది! ఆ చిటికెడులోనే గోధుమ దాగి ఉంది. ఇప్పుడు బియ్యప్పిండితో కలిపిన ఇంగువ వాడుతున్నారు. ఇష్టంగా తెప్పించే గానుగ వేరుశనగ నూనె కూడా ఆగిపోయింది. గానుగ నూనెలో గింజ ప్రొటీన్ కొంత మిగిలే ఉంటుంది.

కొన్న ప్రతి పొట్లం వెనక చదవడం ఆ ఇంట్లో రోజువారీ పనైంది. 2020 నాటి మన దేశపు లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, వేరుశనగ, జీడిపప్పులాంటి గింజలు, సోయా, మోతాదు మించిన సల్ఫైట్ ఉంటే విడిగా చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. నువ్వులు లేకుండా సంక్రాంతే జరగని మన ఇళ్లకు ఇది పెద్ద లోటు. న్యూజెర్సీలో ఉన్న మేనత్త, అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను తొమ్మిదో అలర్జీ పదార్థంగా లేబుల్ మీద వేయాల్సిందేనని చెప్పింది. యంత్రాలు శుభ్రం చేయడం కష్టమని కొన్ని బేకరీలు కావాలనే బ్రెడ్డులో నువ్వులు కలిపి, ఉన్నాయని రాసేశాయట. అది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రోజు ఆసుపత్రిలో పాపకు ఇచ్చిన అడ్రినలిన్ మందును మాత్రం ఈ పెట్టె పక్కన పెట్టలేదు. పొయ్యి వేడి దానికి పనికిరాదు. ఒకటి హాల్లో బీరువా పైఅరలో, ఒకటి పాపతోపాటు బడికి. అమ్మకు డాక్టరు ఆంపూల్ విరవడం, సిరంజిలోకి లాగడం నేర్పారు. కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన ఇరవై కిలోల పాపకు 0.2 మిల్లీగ్రాములు, అంటే సిరంజి మీద 0.2 మిల్లీలీటర్ల గీత దాకా, తొడ బయటివైపు. వంటయ్యాక గట్టు తుడిచి, మంచినీళ్లతో అదే గీత దగ్గర ఆపడం అమ్మ రోజూ సాధన చేసేది. మొదట్లో చెయ్యి వణికేది. నెల తిరిగేసరికి గీత దాటలేదు. ఇంజెక్షన్‌తో తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

అందరికన్నా కష్టపడింది అమ్మమ్మ. పెట్టడమే ప్రేమ అని బతికిన మనిషి. “ఒక్క ముద్దకేమవుతుందే?” అని ఒకసారి అనేసి, అన్నాక తనే నోరు మూసుకుంది. మర్నాడు బజారుకెళ్లి ఆరు చిన్న స్టీలు చెంచాలు కొనుక్కొచ్చింది. పాత చెంచా ఇంగువకు ఉంచి, తక్కిన ఆరు గిన్నెల్లో ఒక్కొక్కటి వేసింది. నువ్వుల గిన్నెలోకి ఇప్పుడు వాము చేరింది. సంక్రాంతికి ఆవిడ అరిసెలు నువ్వుల్లేకుండా, గసగసాలద్ది చేస్తుంది, అదీ డాక్టర్ని అడిగాకే.

నిరుడు పాపకు తమ్ముడు పుట్టాడు. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక డాక్టరు చెప్పిన మాట ఇంటిల్లిపాదినీ నివ్వెరపరిచింది: వాడికి వేరుశనగ పెట్టండి. లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లలతో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి ఏడాదిలోనే వేరుశనగ తినిపించిన పిల్లల్లో ఐదేళ్లు వచ్చేసరికి ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. ముందు పరీక్ష చేసి, మొదటి చెంచా క్లినిక్‌లోనే పెట్టించారు.

ఇప్పుడు వారానికి మూడుసార్లు, అక్క బడికి వెళ్లాక, పైఅరలోంచి ఎర్రమూత సీసా కిందికి దిగుతుంది. మెత్తటి పల్లీ ముద్దను నీళ్లలో పలుచగా కలిపి వాడికి నాకిస్తారు. తర్వాత గిన్నె, బల్ల, వాడి మూతి, అమ్మ చేతులు, అన్నీ సబ్బుతో కడగాలి. శానిటైజరు వేరుశనగ ప్రొటీన్‌ను వదిలించదు. ఆ కాసేపూ ఈ పెట్టె మూత గట్టిగా బిగించే ఉంటుంది. మూడున్నరకు బడి బస్సు వస్తుంది. పాప లోపలికొచ్చి చేతులు కడుక్కుని, తమ్ముడి దగ్గరికి వెళ్లేముందు అడుగుతుంది, “అమ్మా, వాడి మూతి కడిగావా?”