నవమాసాలు మోసిన సీసా

ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిన వారానికే అల్లుడు "మావయ్యగారూ, అసలైన జెక్ట్ రుచి చూద్దురుగాని రండి" అంటూ రైన్‌గావ్ ద్రాక్షతోటలకు తీసుకుపోయాడు. జెక్ట్ అంటే జర్మన్ల బుడగల వైన్. బుడగల విషయంలో నా చదువు గోలీసోడా దగ్గరే ఆగిపోయింది.

నేలమాళిగలో తోట యజమాని కథ మొదలెట్టాడు. రీస్లింగ్ ద్రాక్షను పులుపు తగ్గకముందే కోసి వైన్ చేస్తారు. దాన్ని పంచదార, ఈస్టుతో సీసాలకెత్తి మూత బిగిస్తారు. ఈస్టు తీపంతా తిని గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసు బయటికి దారిలేక, విడిదింట్లో మర్యాద తగ్గిన వియ్యపురాలి కోపంలా లోపలే అణిగి కూర్చుంటుంది. ఒత్తిడి కారు టైరుకు రెట్టింపు పైమాటే! ఈస్టు చచ్చి మడ్డయినా కదపరు. తోటవాళ్లు సొంత పంటతో చేసే వింజర్‌జెక్ట్ కనీసం తొమ్మిది నెలలు ఆ మడ్డితోనే ఉండాలని చట్టం.

"అంటే నవమాసాలు మోస్తుందన్నమాట" అన్నాను. అల్లుడు దాన్ని జర్మన్‌లోకి మార్చే సాహసం చెయ్యలేదు.

ఆ తర్వాత సీసాల్ని చెక్కబల్లల కన్నాల్లో తలకిందులుగా గుచ్చి, మడ్డి మూతి దగ్గరికి జారేలా రోజూ కాస్త కాస్త తిప్పుతారు. మా ఇంట్లో మూడోనాడు ఆవకాయ తిరగకలిపితేనే వీధంతా తెలుస్తుంది. వీళ్లు వారాల తరబడి తిప్పి కిక్కురుమనరు.

చివరికి పెద్దాయన ఓ సీసాను పైకెత్తుతూనే మూత ఊడబెరికాడు. ఢాం! మడ్డీ, నురగా కలిసి నా తెల్లచొక్కా మీద వాలాయి. తప్పు నేను నిలబడ్డ చోటుదట.

తాగి చూస్తే పచ్చిమామిడికాయ, నిమ్మతొక్క గుర్తొచ్చాయి. గోంగూర మీద పెరిగిన నాలుకకు ఈ పులుపు దగ్గర చుట్టమే. ఇదే లేకపోతే ఆ బుడగలు ఉత్త సోడా.

తర్వాత ఏళ్లనాటి పాత సీసా తెచ్చాడు. వాసన చూసి "కిరసనాయిలు!" అనేశాను. అమ్మాయి మోచేత్తో పొడిచింది. పెద్దాయన మాత్రం నన్ను కావలించుకున్నంత పనిచేశాడు. వయసొచ్చిన రీస్లింగ్‌కు అది జాతిలక్షణమట. రేషన్ షాపు ముందు డబ్బాతో నిలబడ్డ నా బాల్యం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

బిల్లు దగ్గర ఇంకో ముచ్చట. యుద్ధనౌకల ఖర్చుకని 1902లో దీని మీద పన్ను వేశారు. మధ్యలో ఓసారి తీసేసి మళ్లీ తగిలించారు. ఆ నౌకలు ఏనాడో పోయాయి కానీ, ముప్పావు లీటరు సీసాకు 1.02 యూరోలు ఇప్పటికీ కట్టాల్సిందే.

రాత్రి మా ఆవిడ వీడియోలో అడిగింది. "ఏం తాగారేమిటి?"

"పుల్లగా, చల్లగా, చివర్లో కాస్త కిరసనాయిలు."

"అయ్యో, అక్కడా రేషనేనా అండీ!"