పదిహేనుకీ యాభైకీ మధ్య

మా ఆవిడ ఆ కారును మొదటిసారి చూసి అడిగింది ఒక్కటే. "ఏమండీ, మిగతాది ఎప్పుడొస్తుంది?"

అడగడంలో తప్పేం లేదు. సగం కారు టెంపోలో టార్పాలిన్ కింద ఉంది. పావు వంతు గోనెసంచుల్లో ఉంది. మిగిలిన పావు ఫరీదాబాద్‌లో ఒక గోదాము వెనక, వేపచెట్టు కింద, నేలలో కలిసిపోయింది. 2023 డిసెంబర్, రాత్రి రెండు గంటలు. పొగమంచులో ఎదుటి మనిషి గొంతే తప్ప మొహం కనపడదు. మా ఘజియాబాద్ అపార్ట్‌మెంట్ల గార్డు టార్చి వేసుకుంటూ వచ్చి, టార్పాలిన్ అంచు ఎత్తి చూసి, మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమనుకున్నాడో నేను అడగలేదు.

కారు పేరు శాన్ స్టార్మ్. తెలిసినవాళ్లు ఈపాటికి నామీద జాలిపడుతూ ఉంటారు. తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. రైలింజన్ల వ్యాపారంలో ఉన్న బెంగుళూరు వాళ్లకి 1998లో ఎందుకో స్పోర్ట్స్ కారు మీద మనసైంది. గోవాలో తయారుచేశారు. రెండే సీట్లు, ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్, ముందు రెనో వారి 1149 సీసీ ఇంజన్, 60 గుర్రాల బలం. ఈ రోజుల్లో 60 గుర్రాలంటే కూరగాయలకి వెళ్లే కారుకి కూడా చాలవు గానీ, అప్పట్లో మనకి కారంటే మారుతీ 800, దాని బలం 37. నేను తెనాలి నుంచి వచ్చి ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, బస్సు కోసం కన్నాట్ ప్లేస్‌లో నిలబడి ఉండగా ఎర్రటిది ఒకటి నా ముందునుంచి వెళ్లింది. ఆ బస్సు నేనెక్కలేదు. తర్వాత దాదాపు పాతికేళ్లపాటు అన్ని బస్సులూ ఎక్కాను, పెళ్లి చేసుకున్నాను, ఫ్లాటు కొన్నాను, దాని ఈఎంఐ కట్టాను. అయినా ఆ ఎరుపు కంట్లో అలాగే ఉండిపోయింది.

నాకు దొరికింది 2000లో రిజిస్టరైన బండి. ట్రాక్టరు ట్రాలీ ఒకటి వెనక్కి వస్తూ దాని ముక్కు మీదికెక్కింది. తర్వాత గాలివానకి వేపకొమ్మ పైకప్పు మీద పడింది. ఆ తర్వాత ఎలుకలు వైర్లు తిన్నాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది, పిల్లి సీటులో పురుడు పోసుకుంది. "అంతా ఒరిజినలే సార్" అన్నాడు అమ్మినాయన.

అర్ధరాత్రి దొంగసరుకులా తేవడానికి కారణం ఉంది. ఢిల్లీలో బండికి కూడా రిటైర్మెంటు వయసుంది. పదిహేనేళ్లు దాటిన బళ్లు రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబర్‌లో చెప్పింది, డీజిలుకైతే పదేళ్లే అని మరుసటి ఏడు తేల్చింది. 2018 అక్టోబర్ 29న సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది. ఇది ఢిల్లీ ఒక్కదానికే కాదు, చుట్టూ ఉన్న ఘజియాబాద్, నోయిడా, గుర్గావ్, ఫరీదాబాద్ అన్నిటికీ. అంటే నా కారు కొన్న ఊరూ నిషిద్ధమే, తెచ్చిన ఊరూ నిషిద్ధమే, మధ్యలో దాటిన ఊరు మరీనూ. రోడ్డు మీద కనపడితే పట్టుకెళ్లి తుక్కు కింద కొట్టేస్తారు. షెడ్డుకి తోసుకెళ్లే వీల్లేదు, పెయింటుకి పంపే దారి లేదు. ఏం చేసినా ఇంట్లోనే చెయ్యాలి, పాతకాలం కాన్పులా.

మరి పాత కార్ల ర్యాలీల్లో తాతలనాటి బళ్లు దర్జాగా తిరుగుతాయి కదా, స్టేట్స్‌మన్ వాళ్ల ర్యాలీ ఢిల్లీలో 1964 నుంచీ జరుగుతోంది కదా అని మా బావమరిది హైదరాబాద్ నుంచి ఫోన్లో లా పాయింటు లాగాడు. తిరుగుతాయి. కేంద్ర రవాణాశాఖ 2021లో నిబంధనలు కూడా రాసింది: వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి యాభై ఏళ్లు నిండాలి. ఇరవై వేలు కడితే 'వీఏ' అక్షరాలున్న నంబరు ప్లేటిస్తారు. ఆ ప్లేటుతో ప్రదర్శనకి వెళ్లొచ్చు, ర్యాలీకి వెళ్లొచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు. కూరగాయలకి వెళ్లకూడదు.

పదిహేను దాటితే ముసలిది, తుక్కు. యాభై దాటితే వారసత్వ సంపద. ఈ రెండిటికీ మధ్య ముప్ఫయి అయిదేళ్లు బండి ఏ లోకంలో ఉండాలో ఎవరూ రాయలేదు. త్రిశంకుడికి కనీసం విశ్వామిత్రుడున్నాడు, తలకిందులుగానైనా ఒక స్వర్గం కట్టించాడు. నా కారుకి స్టిల్ట్ పార్కింగులో పదకొండో నంబరు గడి తప్ప ఏం లేదు. దానికి యాభై నిండేది 2050లో, నాకప్పటికి డెబ్భై నాలుగు. ఇంకో మెలిక కూడా ఉంది: వింటేజ్ బండి అసలు రూపం చెడకుండా ఉండాలట. నా బండికి వైపర్ మోటారు మారుతీ ఓమ్నీది, హారను స్కూటరుది, డ్రైవరు వైపు అద్దం మా బాత్‌రూముది.

విడిభాగాల కథ చెబుతాను. ఢిల్లీలో కారు సామానంటే కశ్మీరీ గేటు. అక్కడ దొరకనిది లేదంటారు. మొదటి కొట్లో శాన్ స్టార్మ్ హెడ్‌లైటు కావాలన్నాను. టాటా సఫారీ స్టార్మ్ హెడ్‌లైటు తెచ్చి పెట్టాడు. అది కాదు, శాన్ అన్నాను. శాంట్రోది తెచ్చాడు. మొత్తం పద్నాలుగు కొట్లు తిరిగితే పదమూడింట్లో సఫారీ స్టార్మే వచ్చింది. పద్నాలుగో కొట్టు పెద్దాయన మాత్రం కళ్లజోడు పైకెత్తి నన్ను తేరిపార చూసి, కుర్రాణ్ణి పిలిచి, "సాబ్‌కి చాయ్ పట్టుకురా" అన్నాడు. ఢిల్లీ వ్యాపారి బేరం కాకముందే టీ ఇచ్చాడంటే మనం ఆశ వదులుకోవాలని అర్థం.

పనికి ఒక ఉస్తాద్ కుదిరాడు, ఆదివారాలు వచ్చేవాడు. ఏమడిగినా ఆయన జవాబు ఒక్కటే: "హో జాయేగా జీ." అంటే అయిపోతుంది. దీని వ్యాకరణం గురించి నేను చాలా ఆదివారాలు ఆలోచించాను. ఎవరు చేస్తారో అందులో లేదు, ఎప్పుడు చేస్తారో లేదు. పని దానంతటదే కాలక్రమంలో అయిపోతుంది, ప్రళయంలాగా. మన వైపు మేస్త్రి "చూద్దాం సార్" అంటాడు. ఆ చూద్దాంలో కనీసం మేస్త్రి ఉన్నాడు, మనం ఉన్నాం.

మన దగ్గర టింకరింగ్ అనేదాన్ని ఇక్కడ డెంటింగ్-పెంటింగ్ అంటారు. ఉస్తాద్ నలభై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. మొదటి ఆదివారం బానెట్టును చేత్తో తడిమి, సొట్టను అంచనా వేసి, నేను ఫైబర్ అనేలోపే సుత్తితో ఒక్కటిచ్చాడు. అప్పటిదాకా మూడు ముక్కలుగా ఉన్న బానెట్టు అయిదు ముక్కలైంది. ఆయన సుత్తిని చూశాడు, ముక్కల్ని చూశాడు, ఇది కారు కాదు ప్లేటు అన్నాడు. అంతటితో ఇంజనూ బ్రేకులూ ఆయనవి, ఒళ్లు నాది అని పంచుకున్నాం.

ఫైబర్‌గ్లాస్ తక్కువదేం కాదని మా ఆవిడకి నచ్చజెప్పబోయాను. "1953లో అమెరికాలో కార్వెట్ అనే గొప్ప కారు కూడా దీంతోనే చేశారు, తెలుసా?" 

"పార్కులో పిల్లల జారుడుబల్ల కూడా దాంతోనే చేస్తారండీ."

రెజిన్ కోసం తిలక్ బజార్ వెళ్లాను. ఢిల్లీలో రసాయనాలన్నీ అక్కడే. దాన్ని ఆనుకునే ఖారీ బావలీ, మసాలా దినుసుల బజారు. మిరపకాయల బస్తాల మధ్య నుంచి నడిస్తే గుంటూరు యార్డుకి వెళ్లినట్టే తుమ్ములు. కొట్టతను ఒక డబ్బాలో రెజిన్, ఒక సీసాలో కోబాల్టు, ఒక సీసాలో హార్డెనర్ ఇచ్చి, ఈ రెండు సీసాలూ నేరుగా కలిపితే పేలతాయని వేరువేరు సంచుల్లో కట్టాడు. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిపేయాలి, హార్డెనర్ చివర్లో, కిలోకి ఒకటో రెండో మూతలు, ఎండాకాలం తక్కువ, చలికాలం ఎక్కువ. సవతుల్లా రెండు సీసాలూ చెరో చేతిలో పట్టుకుని మెట్రో ఎక్కాలంటే భయమేసి ఆటో మాట్లాడుకున్నాను. ముందుజాగ్రత్తగా మా ఆవిడకి రెండు కిలోల మిరపకాయలు కూడా కొన్నాను. "గుంటూరు మిరపకాయలు ఢిల్లీలో కొన్నారా?" అంది గానీ పుచ్చుకుంది.

జనవరి చలికి ఆ రెజిన్ గట్టిపడలేదు. పూసింది పూసినట్టే తేనెపాకంలా కారిపోయి నేల మీద పరుచుకుంది. ఇప్పటికీ మా పదకొండో నంబరు గడిలో చెప్పులు అంటుకుంటాయి. సరే, ఎండ రానిద్దామని ఆగాను. ఎండ వచ్చింది. 2024 మే 29న ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలని నమోదైంది. దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ మధ్యాహ్నమే నేను చలికాలం లెక్కన రెండు మూతలు పోసి మగ్గులో కలిపాను. బ్రష్షు ముంచి బానెట్టు దాకా వెళ్లేలోపు మగ్గు పొగలు కక్కింది, రంగు మారింది, బ్రష్షు అందులోనే నిటారుగా నిలిచిపోయింది. తర్వాత వాతావరణశాఖ వారు పరిశీలించి, ఆ యంత్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపించిందని ప్రకటించారు. ఆ మూడు డిగ్రీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ మగ్గు ఇంకా నా దగ్గరే ఉంది.

అసలు కష్టం రెజిన్‌తో కాదు, దురదతో. ఆరిన ఫైబర్‌ని గరుకు కాగితంతో రుద్దితే గాజు నూగు లేస్తుంది. కంటికి ఆనదు. దూలగొండి దీని ముందు చందనం. మొదటిసారి వేడినీళ్లు పోసుకున్నాను. చేయకూడని పని అదే, చన్నీళ్లే పోసుకోవాలట. నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది: ఆ బనీనూ లుంగీ తెచ్చి వాషింగ్ మెషీన్‌లో, అందరి బట్టలతో కలిపి వేశాను. మర్నాడు తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. కొత్తగా ఉతికిన పట్టుపంచెతో నేనూ, జాకెట్టుతో మా ఆవిడా, షర్టుతో మావాడూ వరసగా కూర్చున్నాం. మొదటి కథ అయ్యేసరికి మావాడు మొదలుపెట్టాడు. మూడో కథకి ముగ్గురం బాహాటంగా గోక్కుంటున్నాం. పంతులుగారు పుస్తకం మీంచి తలెత్తి చూస్తూ కాస్త దూరం జరిగారు. ప్రసాదం మాకు పొట్లం కట్టి గుమ్మం దగ్గరే ఇచ్చారు. ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. వచ్చాక చన్నీళ్లు పోసుకుని, నా బట్టలకి వేరే బకెట్టు పెట్టింది. అంటు కలవకూడదని దాని మీద స్కెచ్ పెన్నుతో 'స్పోర్ట్స్' అని రాసింది.

ఇంజన్ మాత్రం పాపం బుద్ధిమంతురాలు. ఉస్తాద్ దాన్ని విప్పి, కడిగి, రింగులూ బేరింగులూ మార్చి, మళ్లీ కట్టేసరికి 2025 జూలై వచ్చింది. సరిగ్గా ఒకటో తారీఖు నుంచి ఢిల్లీ పెట్రోలు బంకుల్లో కెమెరాలు నంబరు ప్లేట్లు చదివి, వయసు మళ్లిన బళ్లకి చుక్క పొయ్యకూడదన్నారు. జనం గోలకి రెండు మూడు రోజుల్లోనే వాయిదా పడిందనుకోండి. నా కారు బంకు దాకా నడిచి వెళ్లలేదు కాబట్టి నాకు ఆ బాధ లేదు. మా ఆవిడ స్కూటీలోంచి గొట్టం పెట్టి లాగాను. మొదటి గుక్క నేను తాగాను, రెండోది కారు తాగింది. పదేళ్లకు పైగా మూగగా ఉన్న ఇంజన్ ఒక్కసారి దగ్గి, తుమ్మి, పలికింది. ఉస్తాద్ "హో గయా జీ" అన్నాడు. ఆయన నోట భూతకాలం వినడం నాకు అదే మొదలు.

ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు మీరిందన్న ఒక్క కారణంతో బళ్ల యజమానుల మీద కఠిన చర్యలొద్దని చెప్పింది. మా ఆవిడే పేపరు తెచ్చి చూపించింది. నేను పొంగిపోయాను. డిసెంబర్ 17న ఆ రక్షణ బీఎస్-4, ఆపై కాలుష్య ప్రమాణాల బళ్లకే అని సవరించింది. నాది ఆ బీఎస్‌లకి చాలా ముత్తాత. అంటే నా కారు స్వర్గంలో నాలుగు నెలల అయిదు రోజులుంది, అందులో కొంత భాగం ఇటుకల మీద. ఆర్సీ గడువు 2015లోనే తీరింది గనక ఏ కోర్టు ఏమన్నా దానికి గేటు దాటే యోగం ఎటూ లేదు.

ఆ నాలుగు నెలల మధ్యలోనే దసరా వచ్చింది. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. అక్టోబర్ 1, ఆయుధపూజ. ఇటుకలు తీసేశాం. రంగు ఇంకా ఒక పక్కే ఎరుపు, రెండో పక్క ప్రైమరు బూడిద రంగు. మా ఆవిడ బానెట్టుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. గార్డు కూడా వచ్చి నిలబడ్డాడు, ఈసారి టోపీ తియ్యలేదు.

నాన్నగారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఇంతకీ ఎంతయిందిరా?"

సగం చెప్పాను.

"ఆ డబ్బుకి అరెకరం..." అని, మా ఆవిడ మొహం చూసి ఆపేశారు. కారు మోకాలెత్తే ఉంది. ఆయన్ని కూర్చోబెట్టడానికి మావాడు కాళ్లూ గార్డు భుజాలూ పట్టుకోవాల్సి వచ్చింది. లోపల సర్దుకుని అటూ ఇటూ చూశారు.

"ఎందాకా పోతుందిది?"

"గేటు దాకా, నాన్నా."

గేటు నలభై అడుగుల దూరంలో ఉంది. ఆయన ఒకసారి గేటు వైపు చూసి, సీటుబెల్టు లాగి పెట్టుకున్నారు. "సరే, పోనీ. మెల్లిగా పోనీ."