బాబాయి చార్జర్

వస్తువును డబ్బిచ్చి కొనుక్కోవడం చేతకానివాళ్ల పని అని మా బాబాయి గట్టి నమ్మకం. వాళ్లింట్లో ఇన్వర్టరు ఫ్యాన్లు తిప్పుతోంది గానీ బ్యాటరీలను చార్జి చేయడం మానేసింది. బోర్డు మార్చాలి, 4,500 అవుతుందన్నాడు మెకానిక్. బాబాయి అతనికి మజ్జిగ ఇచ్చి పంపేశాడు.

తర్వాత హైదరాబాదులో పెళ్లికెళ్లి, అక్షింతలు వేసీ వేయగానే కోఠి గుజరాతీ గల్లీలో తేలాడు. సీసీ కెమెరాలకు వాడే చిల్లుల రేకు డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. 12 వోల్టులు, 10 ఆంపియర్లు, ఐదొందల లోపు.

"పన్నెండు వోల్టుల బ్యాటరీకి పన్నెండు వోల్టుల సప్లై. ఇందులో ఇంజినీరింగేముందిరా?" అన్నాడు ఫోన్లో.

ఉంది. పన్నెండని పేరే గానీ, అందులోని ఆరు సెల్లూ నిండాక బ్యాటరీ 12.7 చూపిస్తుంది. దాన్ని నింపాలంటే 13.8 నుంచి 14.4 దాకా పెట్టాలి. అప్పు ఇచ్చేవాడి దగ్గర పుచ్చుకునేవాడికన్నా నాలుగు డబ్బులు ఎక్కువుండాలి కదా అన్నాను. తన స్నేహితుల్లో ఆ నియమం పాటించినవాడు ఒక్కడూ లేడన్నాడు బాబాయి.

అదృష్టం కొద్దీ ఆ డబ్బాకి తీగలు బిగించే చోట, పచ్చ లైటు పక్కన, చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది. బ్యాటరీ తగిలించకుండా, మల్టీమీటరు పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని తిప్పి 13.8కి తెచ్చాడు. 14 దాటిన కాసేపటికి మర ఇక కదలదట. మంచిదే, లోపలి కెపాసిటర్ల ఓపిక కూడా అంతంతమాత్రమే.

బ్యాటరీలకు తగిలించాడు. టిక్, టిక్, టిక్.

"ఏవండీ, హాల్లో గడియారానికి సెల్లు మార్చారా? ఇవాళ గట్టిగా కొడుతోంది," అంది పిన్ని వంటింట్లోంచి.

గడియారం కాదు, సప్లై. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు, ప్యారలల్‌గా కట్టినవి, ఆకలి మీదున్నాయి. పది ఆంపియర్లిచ్చేదాన్ని అంతకన్నా ఎక్కువ అడిగితే అది ఆరిపోతుంది, క్షణమాగి మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆరిపోతుంది. కరెంటుకి హద్దు పెట్టడం దానికి రాదు. అసలు చార్జరుకీ దీనికీ తేడా అదే.

హద్దు పెట్టడానికి కారు హెడ్‌లైటు బల్బు, 55 వాట్లది, మధ్యలో సిరీస్‌గా కలిపాడు. ఫిలమెంటు వేడెక్కే కొద్దీ కరెంటుని అడ్డుకుంటుంది. టిక్‌టిక్ ఆగింది. బల్బు వెలిగిందని కూడా అనలేం, గురివింద గింజంత ఎరుపు. మీటరు చూస్తే ఒకటిన్నర ఆంపియరు. ఆ లెక్కన ఖాళీ బ్యాటరీలు రెండూ నిండాలంటే వారం దాటుతుంది.

"కరెంటు రోజూ పోతుంది, ఇది వారానికోసారి నిండుతుంది. మధ్యలో నేను విసనకర్ర పట్టుకోవాలా?" అంది పిన్ని. నాలుగు బల్బులయ్యాయి, పక్కపక్కన, పలక మీద వరసగా. బ్యాటరీలు నిండే కొద్దీ ఆ ఎరుపు తగ్గిపోతుంది. చుట్టాలొస్తే కాఫీకన్నా ముందు అదే చూపిస్తున్నాడు.

ఒకరోజు కరెంటు పోయింది. వెంటనే ఫోను. "ఒరేయ్, కరెంటు లేకపోయినా నా సప్లై లైటు వెలుగుతూనే ఉందిరా! చవకదంటివి!"

బ్యాటరీయే వెనక్కి దాన్ని పోషిస్తోందని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆనక కరెంటు వెనక్కి రాకుండా ఒక షాట్‌కీ డయోడు, దాని వేడికి అల్యూమినియం పలక, నా పోరు పడలేక ఒక ఫ్యూజు చేరాయి. డయోడు మింగిన అర వోల్టుకోసం మరని మళ్లీ తిప్పాల్సి వచ్చింది.

మొన్న వెళ్తే పిన్ని చీటీ పట్టుకుని కూర్చుంది. బాబాయి లెక్క ప్రకారం ఇప్పటికీ బోర్డు ధరకన్నా మూడొందలు తక్కువే అయింది.

"మరి మల్టీమీటరు?" అంది పిన్ని.

"అది ఖర్చు కాదే," అన్నాడు బాబాయి, "ఆస్తి."